ఆరు నుంచి పది దాకా సోషల్ ఎలా చెప్పాలి?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. రెండేళ్లుగా ఆరు, ఏడు తరగతులే చూశాను. ఈ జూన్ నుంచి ఆరు మొదలు పది దాకా ఐదు క్లాసులూ నాకే ఇచ్చారు. మాది ఇంగ్లిష్ మీడియం. పిల్లలు ఇంట్లో తెలుగు, ఉర్దూ, కొందరు హిందీ మాట్లాడతారు. ఆరో క్లాసులో పోటీలు పడి చేతులెత్తే పిల్లలే పదికి వచ్చేసరికి గైడులో ఉన్నది తప్ప ఒక్క వాక్యం సొంతంగా రాయరు. మ్యాప్ ఇస్తే గోదావరిని చెన్నై దగ్గర కలిపేస్తారు. సెప్టెంబరు 17 (1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజు) లాంటి పాఠం వస్తే, ఏం మాట్లాడితే ఏం గొడవొస్తుందోనని మా సీనియర్లు ఒకసారి చదివించి వదిలేస్తున్నారు. ఐదు క్లాసులకూ ఒకే పద్ధతి పనికొస్తుందా? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం:

టీచర్ గారూ,

ఆరులో చెయ్యెత్తిన పిల్ల పదిలో నోరు మూసుకుందంటే, లోపం పదో తరగతిలో వెతికితే దొరకదు. అది ఏడు చివర, ఎనిమిది మొదట్లో జరిగిపోయి ఉంటుంది. అప్పటిదాకా పాఠం పిల్లలు చూసిన వాటి చుట్టూ తిరుగుతుంది: ఇల్లు, ఊరు, పంట, కోట. ఎనిమిదికి వచ్చేసరికి శిస్తు విధానాలు, చట్టసభలు, ద్రవ్యం లాంటి కంటికి కనపడని సంగతులు ఒక్కసారిగా మీద పడతాయి. సిలబస్ భయంతో టీచరు నోట్స్ డిక్టేషన్ మొదలుపెడతారు. ఆ ఏడాది పిల్లలకు ఒక్కటి మాత్రం బాగా వంటబడుతుంది: సొంత మాట రాస్తే ఎర్రగీత, నోట్సు మాట రాస్తే టిక్కు. మిగతా రెండేళ్లూ దాన్నే నమ్ముకుంటారు. వాళ్లనేమీ అనలేం.

ఐదు క్లాసులు బరువే. అయితే ఆరులో ఏం వదిలేశారో, పదిలో ఏం అడుగుతారో ఒకే మనిషికి తెలియడం చాలా స్కూళ్లలో జరగదు. ఆ వీలు మీకు వచ్చింది. అందుకే పాఠాల జాబితా పక్కన పెట్టి, ముందు ఒక కాగితం మీద ప్రతి క్లాసుకూ ఒకే వాక్యం రాసుకోండి: మార్చి నాటికి ఈ పిల్లలకు ఏం చేయడం రావాలి? ఆరో తరగతి: చూసినదాన్ని కొలిచి, గీసి, రాయగలగాలి. ఏడు: రెంటిని పోల్చి, ఏది ముందు ఏది వెనక చెప్పగలగాలి. ఎనిమిది: ఎందుకు జరిగిందో చెప్పగలగాలి. తొమ్మిది: అది నిజమని ఎలా తెలుసు అని అడగగలగాలి. పది: ఈ నాలుగూ కలిపి, చేతిలో ఉన్న కొద్ది నిమిషాల్లో జవాబుగా రాయగలగాలి. పుస్తకాల్లో ఇచ్చే ఆరు విద్యా ప్రమాణాలు (విషయావగాహన, చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, పట నైపుణ్యాలు, ప్రశంస-సున్నితత్వం) వీటిలోనే ఇమిడిపోతాయి. ప్రతి పాఠంలో ఆరింటినీ ముట్టుకోవాలని చూడకండి. లెసన్ ప్లాన్ కాగితం నిండుతుందేమో గానీ క్లాసులో ఏదీ నిలవదు. పాఠానికి రెండు చాలు.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: పద్ధతి ఒకటి కాదు, విషయం మాత్రం ఒకటే కావచ్చు. ఒకే విషయాన్ని ఐదేళ్లూ బరువు పెంచుతూ తిప్పవచ్చు. మీరున్న చోట దానికి మూసీని మించింది లేదు.

ఆరో తరగతి పిల్లలు తమ ఇంటి నీళ్ల లెక్క వేస్తారు. మామూలు బకెట్ పదిహేను లీటర్లు పడుతుందనుకోమనండి. ఒక రోజు ఇంట్లో మొత్తం ఎన్ని బకెట్లు వాడారో గీతలు పెట్టి, ఇంట్లో మనుషుల సంఖ్యతో భాగించాలి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రణాళికల్లో వాడే కొలమానం, అంటే తొమ్మిది బకెట్లు. క్లాసులో ఒకరికి నాలుగొస్తుంది, ఒకరికి పదహారొస్తుంది. ఎందుకని వాళ్లే అడుగుతారు. ట్యాంకరు కొనే ఇల్లు, కుళాయి నీళ్లొచ్చే ఇల్లు, బోరు ఉన్న ఇల్లు అని బోర్డు మీద మూడు గడులు గీస్తే వనరుల పాఠం సగం అయిపోయినట్టే. ఒక జాగ్రత్త: ఎవరి ఇంట్లో ఎంతో పేరుపెట్టి చదవకండి. చీటీలు కలిపేసి అంకెలే రాయండి.

ఏడులో అదే నీళ్లను కాలంలో వెనక్కి తీసుకెళ్లండి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1560ల్లో హుస్సేన్‌సాగర్. 1578లో మూసీ మీద పురానాపూల్ వంతెన. 1591లో చార్మినార్. ఈ మూడింటినీ కలిపి ఒక్క ప్రశ్న వేయండి: ఊరు కట్టక ముందే వంతెన ఎందుకు కట్టారు? గోల్కొండ నదికి ఏ వైపు, చార్మినార్ ఏ వైపు అని పటం తీయకుండా దీనికి జవాబు రాదు. తారీఖులు బట్టీ పట్టనక్కర్లేదు, వరుస అర్థమైతే చాలు.

ఎనిమిదిలో 1908 సెప్టెంబరు 28 మూసీ వరద. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగండి, ఎందుకంటే మీ పదో క్లాసు జబ్బుకు మందు ఇక్కడుంది. ఎనిమిది చీటీలు తయారు చేయండి: ఎగువన కుండపోత, పరీవాహక ప్రాంతంలో వందల చెరువులు, రెండు వందలకు పైగా చెరువుల గట్లు తెగడం, నది ఒడ్డునే ఇళ్లు, నదికి ఎగువన వరదను ఆపే పెద్ద జలాశయం లేకపోవడం, నీళ్లు రాత్రి వేళ పెరగడం, అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కిన వాళ్లు బతకడం, తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించడం. నలుగురేసి పిల్లలకు ఒక కట్ట. పని మూడు విడతలు. మొదట "కారణం కానివి" పక్కకు తీయాలి. చింతచెట్టు, విశ్వేశ్వరయ్య చీటీలను కారణాల్లో కలిపేసే గుంపు కచ్చితంగా ఒకటి ఉంటుంది. వాళ్లకు కారణానికీ ఫలితానికీ తేడా ఇంకా తెలియలేదని అప్పుడు మీకు తెలుస్తుంది. తర్వాత మిగిలినవాటిని ఎప్పటినుంచో ఉన్నవి, ఆ రోజే జరిగినవి అని రెండు కుప్పలు చేయాలి. చివరగా "ఈ ఒక్కటి లేకపోతే నష్టం బాగా తగ్గేది" అనుకున్న చీటీ ఎత్తి చూపి, ఎందుకో ఒక వాక్యంలో చెప్పాలి. గుంపులు వేర్వేరు చీటీలు ఎత్తుతాయి. ఎత్తనివ్వండి. ఏది సరైనదో మీరు తేల్చేశారంటే వచ్చేసారి చీటీలు కదపరు, మీ ముఖం చూస్తారు.

తొమ్మిదిలో అదే వరద మీద రెండు రకాల ఆధారాలు పెట్టండి. ఒకటి ఇంజనీరు దృష్టి: ఎన్ని చెరువులు, ఎంత వాన, ఎంత ప్రవాహం. రెండోది ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్న ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ దుఃఖం. ఉర్దూ వచ్చిన పిల్లలుంటే ఆయన పద్యం ఏదైనా వాళ్లచేత చదివించి, అర్థం చెప్పించండి. ఈ ఒక్క రోజు క్లాసుకు వాళ్లే పెద్దలవుతారు. ఆపైన నాలుగు ప్రశ్నలు: ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏం వదిలేశారు. నాలుగోది చాలామంది టీచర్లు అడగరు, అసలు పని చేసేది అదే. ఇంజనీరు లెక్కలో ఏడుపు ఉండదు, కవి మాటలో గట్టు ఎందుకు తెగిందో ఉండదు. ఒకటి అబద్ధం, ఒకటి నిజం అనే తీర్పులోకి పిల్లలు జారిపోతారు. రెండూ నిజమే, అడిగిన ప్రశ్నలు వేరు అని వాళ్ల నోటితో అనిపించాలి.

పదిలో ఇది ఇవాళ్టి వాదన అవుతుంది. వరద తర్వాత మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటిని కాపాడటానికి 1996లో జీవో 111 వచ్చింది: పది కిలోమీటర్ల పరిధి, 84 గ్రామాలు, నిర్మాణాల మీద ఆంక్షలు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఆ 84 గ్రామాల్లో భూమి ఉన్న రైతు ఏమంటాడు? లంగర్‌హౌజ్‌లో నది పక్కన ఉండే మనిషి ఏమంటాడు? అభివృద్ధి, సుస్థిరత, సమానత అని పదో తరగతి పుస్తకంలో వచ్చే పెద్ద మాటలు ఇక్కడ కాళ్లు మోపుతాయి. ప్రతి పిల్లా తనకు నచ్చని పక్షం తరఫున ఐదు వాక్యాలు రాయాలని షరతు పెట్టండి. నచ్చిన పక్షానికి రాయమంటే టీవీ చర్చ అవుతుంది.

ఇలా ప్రతి పాఠాన్నీ ఐదేళ్లు తిప్పమని కాదు. ఏడాదికి ఇలాంటివి రెండు చాలు. మిగతావి మామూలుగా సాగనివ్వండి.

కాలం గురించి కొంచెం. గోడకు వేలాడే రంగుల కాలరేఖల్లో శాతవాహనులకూ కాకతీయులకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో, 1947కీ 1956కీ మధ్యా అంతే ఉంటుంది. పిల్లల బుర్రలో చరిత్ర అలాగే ముద్రపడిపోతుంది. మీరు కొలతతో గీయించండి. ఏడాదికి ఒక సెంటీమీటరు. గోడ మీద ఎడమ చివర 1500. కుతుబ్‌షాహీల 1518 పద్దెనిమిదో సెంటీమీటరు దగ్గర, చార్మినార్ 91 దగ్గర, ఔరంగజేబు గోల్కొండ పట్టుకున్న 1687 దగ్గరికి మీటరు ఎనభై ఏడు, అసఫ్‌జాహీల 1724 రెండు మీటర్ల ఇరవై నాలుగు, మూసీ వరద నాలుగు మీటర్ల ఎనిమిది, 2014 ఐదు మీటర్ల పద్నాలుగు. ఐదున్నర మీటర్ల గోడ ఉంటే సరిపోతుంది. లేకపోతే వరండాలో సుద్దముక్కతో నేల మీద గీయండి. ఆ తర్వాత అడగండి: ఇదే కొలతలో రెండువేల ఏళ్ల కిందటి శాతవాహనులు ఎక్కడుండాలి? 1500 నుంచి ఇంకో పదిహేను మీటర్లు వెనక్కి, అంటే పక్క క్లాసు గోడలు దాటి. ఒక పిల్లాణ్ని అక్కడ నిలబెట్టండి, మిగతావాళ్లు జన్మలో మరిచిపోరు. శతాబ్దాల తికమక కూడా ఇక్కడే తీర్చాలి. 1591ని పదిహేనో శతాబ్దం అనే పిల్లలు పదో తరగతిలోనూ ఉంటారు. వందల అంకెకు ఒకటి కలపాలి, పదిహేనుకు ఒకటి కలిపితే పదహారు. రోజూ హాజరు పిలిచాక మూడు సంవత్సరాలు చెప్పి శతాబ్దం అడిగితే రెండు వారాల్లో పోతుంది. క్రీస్తుపూర్వం లెక్కల్లో సున్నా సంవత్సరం లేదన్న మెలిక ఆరులో పెట్టకండి, ఎనిమిది దాకా ఆగుతుంది.

ఇక మ్యాప్. గోదావరిని చెన్నై దగ్గర కలిపిన పిల్లాడికి గోదావరి తెలియక కాదు, కాగితం మీద దేశం ఒట్టి బయటి గీతగా కనపడటం వల్ల. లోపల పట్టుకోవడానికి ఏమీ లేదు. పదో తరగతి వాళ్లకు జూన్‌లోనే ఐదు ఆనవాలు గీతలు నేర్పండి. ఖాళీ అవుట్‌లైన్ మ్యాప్‌లో ముందు కర్కటరేఖ: గుజరాత్‌లో మొదలై మిజోరం దాకా ఎనిమిది రాష్ట్రాల మీదుగా. తర్వాత 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం: ఉత్తరప్రదేశ్‌లోంచి దిగి కాకినాడ వైపు. ఆపైన నర్మద, గోదావరి, కృష్ణ. ఈ ఐదూ రెండు నిమిషాల్లో గీయడం చేతికి అలవాటైతే, ఏ చోటు అడిగినా "ఏ గీతకు ఏ పక్క" అని ఆలోచిస్తారు. గోదావరికి ఒక పట్టు ఇవ్వండి: అరేబియా సముద్రానికి ఎనభై కిలోమీటర్ల దూరంలో, నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, ఆ సముద్రం వైపు పోకుండా దేశం అడ్డంగా నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎందుకు? దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉంది కాబట్టి. నర్మద పడమటికి పారేదేమో వింధ్య, సాత్పురాల మధ్య పగులులోయలో. కారణం తెలిసిన నది తప్పు ఒడ్డుకు చేరదు.

కింది క్లాసుల్లో మ్యాప్ అంటే రంగులేయడం కాకూడదు. ఆరులో క్లాసు గదినే కొలిపించండి. ఎనిమిది మీటర్లు, ఆరు మీటర్ల గదిని సెంటీమీటరుకు మీటరు చొప్పున గళ్ల కాగితం మీద గీస్తే అరచేతిలో పడుతుంది. తలుపు, బోర్డు, తమ బెంచీ కొలిచి పెట్టాలి. చాలామంది తలుపును నిలువుగా, పక్కనుంచి చూసినట్టు బొమ్మ వేస్తారు. పైనుంచి చూడటం అనే ఊహ ఇంకా రాలేదన్నమాట. బెంచీ మీద డస్టరు పెట్టి, లేచి నిలబడి పైనుంచి దాని చుట్టూ గీత గీయించండి, అర్థమవుతుంది. ఎనిమిదిలో కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు. సగానికి కోసిన పెద్ద ఆలుగడ్డను బోర్లించి, స్కేలు పక్కన నిలబెట్టి, సెంటీమీటరు ఎత్తుకొక గీత చుట్టూ గీసి, ఆ గీతల వెంట అడ్డంగా ముక్కలు కోసి, కింది ముక్క నుంచి ఒక్కొక్కటే కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్ తిప్పితే కాంటూరు పటం వస్తుంది. ముక్కల నడుమ ఒక పుల్ల నిలువుగా గుచ్చి ఉంచండి, లేకపోతే రెండో ముక్క పక్కకు జరిగిపోయి కొండ వంకర పోతుంది. తర్వాత గోల్కొండ కొండ: నేల నుంచి శిఖరాన ఉన్న బాలాహిసార్ దాకా ఎత్తు సుమారు 120 మీటర్లు, ఇరవై మీటర్లకొక గీతయితే ఎన్ని గీతలు? ఆ మెట్లెక్కిన వాడికి గీతలు దగ్గరపడితే ఏమవుతుందో కాళ్లకే తెలుసు.

తొమ్మిదో తరగతికి అక్షాంశ రేఖాంశాలున్నాయి కదా, మీటరు కర్ర ఒకటి తీసుకుని మేడ మీదకు వెళ్లండి. సెప్టెంబరు 23న మిట్టమధ్యాహ్నం హైదరాబాద్‌లో మీటరు కర్ర నీడ సుమారు 31 సెంటీమీటర్లు, డిసెంబరు 22న సుమారు 86. గడియారం పన్నెండు కొట్టినప్పుడు కొలిస్తే లెక్క కుదరదు. మన గడియారం 82½ డిగ్రీలది, మనమున్నది దాదాపు 78½ మీద. నాలుగు డిగ్రీల తేడా, డిగ్రీకి నాలుగు నిమిషాలు, మొత్తం పదహారు నిమిషాలు మన ఎండ వెనక. అందులోనూ రోజును బట్టి కొన్ని నిమిషాలు అటూఇటూ అవుతుంది. అందుకని పన్నెండుకు ఐదు నిమిషాల ముందు మొదలుపెట్టి పన్నెండున్నర దాకా ఐదు నిమిషాలకొకసారి గుర్తు పెట్టించి, అన్నింటికన్నా పొట్టి నీడను తీసుకోమనండి. సెప్టెంబరులో మబ్బు పడితే ఏం చేయలేం. డిసెంబరు దాదాపుగా మోసం చేయదు.

జవాబు రాయడం దగ్గరికి వద్దాం. గైడు తీసుకురావద్దని చెప్పడం వల్ల ఏమీ కాదు, బ్యాగులోంచి ఇంటికి పోతుంది అంతే. గైడు జవాబులో ఏం లేదో పిల్లలకు కనపడాలి. పైన చెప్పిన వరద మీదే చూడండి. "భారీ వర్షాలు కురిశాయి. చెరువులు తెగాయి. చాలామంది చనిపోయారు." మూడూ నిజాలే, ఒకదానికొకటి ముడి లేదు. ఇప్పుడిది: "ఎగువన వానకు చెరువుల గట్లు వరసగా తెగాయి. దీనివల్ల నీళ్లు మెల్లగా పెరగకుండా ఒక్కసారిగా నగరం మీద పడ్డాయి. అయితే ఇళ్లు నది ఒడ్డుకే ఆనుకుని లేకపోతే ప్రాణనష్టం ఇంత ఉండేది కాదు." తేడా అంతా "దీనివల్ల", "అయితే" అన్న రెండు మాటల్లో ఉంది. మీది ఇంగ్లిష్ మీడియం కనుక బికాజ్, యాజ్ ఎ రిజల్ట్, హౌఎవర్, ఫర్ ఎగ్జాంపుల్ అని నాలుగు చీటీలు రాసి గోడకు అంటించండి. ఎనిమిదిలో ప్రతి జవాబులో ఒకటి, తొమ్మిదిలో రెండు, పదిలో మూడు తప్పనిసరి.

చేయించే తీరు కూడా ముఖ్యమే. పీరియడ్ ఆఖరి పన్నెండు నిమిషాలు తీసి పెట్టండి. మూడు నిమిషాలు పక్కవాడితో నోటితో జవాబు చెప్పుకోవాలి, తెలుగో ఉర్దూనో ఏ భాషైనా సరే. తర్వాత వాళ్లు చెప్పినవాటిలోంచి మూడే మూడు మాటలు బోర్డు మీద రాయండి, వాక్యం రాయకండి. పుస్తకాలు మూయించి ఏడు నిమిషాలు రాయించండి. మిగిలిన రెండు నిమిషాల్లో ఒకరిది గట్టిగా చదివించి ఒక్క సవరణ చెప్పండి. మొదటి నెల రోజులు ఇంగ్లిష్ ఘోరంగా ఉంటుంది. వ్యాకరణం మీద ఎర్రసిరా వాడకండి. కారణం సరిగా ఉండి భాష తప్పయిన వాక్యానికి టిక్కు పెట్టండి, భాష బాగుండి గైడులోంచి దిగిన వాక్యానికి పెట్టకండి. పిల్లలు ఆటలో రూలు మారిందని మీ కన్నా త్వరగా పసిగడతారు.

మాటల విషయంలో మీ క్లాసుకు ఒక సౌకర్యం ఉంది, మీరే గమనించి ఉండరు. రెవెన్యూ పాఠంలో ఇంగ్లిష్ పదాలకు నోరు తిరగని పిల్లలకు పట్టా, పహాణీ, తహసీల్దార్, జిల్లా, జాగీర్ అన్నీ ఇంట్లో వినే మాటలే. పాఠానికి ఐదు పదాలు తీసుకుని పక్కపక్కనే మూడు గడుల్లో రాయించండి: పుస్తకంలో ఉన్న ఇంగ్లిష్ మాట, తెలుగు మాట, ఇంట్లో అమ్మానాన్నలు వాడే మాట. మూడో గడి ఇంట్లో అడిగి నింపుకు రావాలి. శిస్తు, లగాన్, రెవెన్యూ ఒకే వరసలో పడ్డాక డెఫినిషన్ చెప్పాల్సిన పని ఉండదు. ఐదుకు మించితే డిక్షనరీ అవుతుంది, ఎవరూ చూడరు.

సెప్టెంబరు 17. చదివించి వదిలేస్తే పిల్లలు దాన్ని వాట్సాప్‌లో నేర్చుకుంటారు, అది ఇంకా ప్రమాదం. ఈ పాఠం తొమ్మిది, పది తరగతుల్లో చెప్పాల్సిన తీరు ఒకటుంది. ముందురోజే మీ హెచ్ఎంకు ఏం చెప్పబోతున్నారో ఒక కాగితం మీద రాసి చూపించండి. క్లాసులో మొదటి పీరియడ్ అంతా ఎవరూ కాదనని సంగతులకే: 1946లో మొదలైన సాయుధ పోరాటం, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశం, 17న నిజాం రేడియో ప్రకటన, 18న నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ భారత సైన్యానికి చెందిన జనరల్ చౌదరి ముందు లొంగిపోవడం, 1952లో ఎన్నికలై బూర్గుల ముఖ్యమంత్రి కావడం. అభిప్రాయాలు ఇంకా వద్దు. రెండో పీరియడ్‌లో పేర్లు రాయండి. ఒకే తారీఖుకు పోలీసు చర్య, విలీనం, విమోచన, విద్రోహం. 2022లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినం అంది, అదే ఏడాది రాష్ట్రం జాతీయ సమైక్యత దినం అంది, 2024లో రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవం అంది. ప్రశ్న: ఏ పేరు సరైనదని కాదు, ఈ పేరు పెట్టినవాళ్లు ఆ కథలో దేన్ని ముందుకు తెస్తున్నారు, దేన్ని వెనక్కి నెడుతున్నారు? సైన్యం వెళ్తే పోలీసు చర్య అని ఎందుకన్నారో అడగండి. అప్పటికే నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది, ఇది ఇంటి వ్యవహారమని చెప్పుకోవాల్సిన అవసరం ఢిల్లీకి ఉంది. ఒక పేరు వెనక ఎంత ఆలోచన ఉంటుందో దాంతో అర్థమవుతుంది.

ఈ పాఠం పాడయ్యేది ఒకే చోట: రజాకార్లను, ముస్లింలను ఒకే మాటగా పలికిన క్షణాన. దాన్ని తర్వాత సర్దడం కష్టం, ముందే అడ్డుకట్ట వేయాలి. విలీనం కావాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో హతుడైన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్. సాయుధ పోరాటంలో నిలిచిన కవి మఖ్దూం మొహియుద్దీన్. ఈ ఇద్దరినీ మొదటి పీరియడ్‌లోనే బోర్డు మీద పెట్టండి. "మీవాళ్లు", "మావాళ్లు" అన్న మాట ఎవరి నోట వచ్చినా ఆపి, "ఎవరు? పేరు చెప్పు" అనండి. కులం పాఠాల్లోనూ ఇదే కట్టుబాటు, దానికి ఇంకొకటి కలపండి: ఏ పిల్లనూ తన కులం, తన ఇంటి అనుభవం చెప్పమని అడగకూడదు. తనంతట తాను చెబితే వినాలి.

టైము గురించి మీరు అడగలేదు గానీ అన్నింటినీ చెడగొట్టేది అదే. పదో తరగతి సిలబస్ జనవరి రెండో వారానికి అవ్వాలంటారు. జూన్ 12 నుంచి దసరా సెలవులు, పరీక్షల వారాలు తీసేస్తే ఇరవయ్యారు వారాలు మిగులుతాయి. వారానికి ఆరు పీరియడ్లయితే 156. వానలకు సెలవులు, బంద్‌లు, యాన్యువల్ డే రిహార్సల్స్ ఒక పాతిక మింగుతాయి. చేతిలో ఉండేవి 130, పాఠాలు ఇరవైకి పైన. సగటున ఆరు పీరియడ్లు. అందరూ చేసే తప్పు మొదటి మూడు పాఠాలకు పదేసి ఖర్చుపెట్టి డిసెంబరులో జాతీయోద్యమాన్ని మూడింటిలో ముగించడం. ఏ పాఠాలు నాలుగింటిలో కానిచ్చేయవచ్చో జూన్‌లోనే గుర్తు పెట్టండి. జనాభా, నివాస ప్రాంతాలు లాంటివి పిల్లలు చదువుకుని పట్టిక చూసి రాయగలరు. శీతోష్ణస్థితి, ప్రపంచ యుద్ధాల మధ్య కాలం, రాజ్యాంగ నిర్మాణం అలా కుదరవు, వాటికి ఎనిమిదేసి ఇవ్వాలి.

కరెక్షన్ కూడా లెక్కే. ఐదు క్లాసులు, నలభైమంది చొప్పున రెండు వందల నోట్‌బుక్కులు. అన్నీ అన్ని పేజీలూ దిద్దుతానంటే దసరాకి మానేస్తారు. రోజుకు ఇరవై పుస్తకాలు, పుస్తకానికి ఒకే పేరా, రెండు నిమిషాలు. పక్కన ఒక అక్షరం చాలు: కారణం లేకపోతే క, ఆధారం లేకపోతే ఆ, ప్రశ్న దారి తప్పితే ప్ర. పది పనిదినాలకు అందరిదీ ఒకసారి చూసినట్టవుతుంది. ఏ అక్షరం ఎక్కువ పడిందో చూసుకుంటే వచ్చే వారం ఏం చెప్పాలో అదే చెబుతుంది.

ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టులకు నెట్ సెంటర్లో ప్రింట్లు తీయించి చార్టు మీద అంటించుకొచ్చేవాటిని ఈ ఏడు ఒప్పుకోకండి. పిల్లలు సొంతంగా సేకరించిన పది అంకెలైనా లేనిది ప్రాజెక్టు కాదని జూన్‌లోనే చెప్పేయండి. రైతుబజారులో ఉల్లి ధర, గల్లీ కిరాణాలో ధర, ఫోన్ యాప్‌లో ధర, ఒకే రోజు, వరసగా నాలుగు ఆదివారాలు: పన్నెండు అంకెలు, ఒక గ్రాఫు, తేడా ఎవరికి పోతోందో మూడు వాక్యాలు. మార్కెట్ల పాఠానికి ఇంతకన్నా అక్కర్లేదు.

మొదటి వారం పాఠం ఎత్తుకోకండి. ఎనిమిది, తొమ్మిది, పది మూడింటికీ ఒకే కాగితం ఇవ్వండి: చార్మినార్, మూసీ వరద, తెలంగాణ రాష్ట్రం, గోల్కొండ పతనం వరసలో పెట్టడం, ఖాళీ మ్యాప్‌లో హైదరాబాద్, గోదావరి గుర్తించడం, "మీ వీధిలో వాన పడితే నీళ్లు ఎందుకు నిలుస్తాయి?" అన్నదానికి నాలుగు వాక్యాలు. మార్కులు వేయకండి, దాచిపెట్టండి. సెప్టెంబరులో ఇదే కాగితం మళ్లీ రాయించి రెండూ కలిపి పిన్ను కొట్టండి. నోట్స్ ఎందుకు ఇవ్వట్లేదని పేరెంట్స్ మీటింగులో ఎవరో ఒకరు అడుగుతారు. ఆ రెండు కాగితాలు వాళ్ల చేతిలో పెట్టి, మూడో ప్రశ్న జవాబు చదవమనండి.